పువ్వెరుగని వర్తకం: హిమాలయ కోష్టు చరిత్ర

తెలుగునాట పచారీ కొట్లలో వట్టివేళ్లు, కచ్చూరాలు, తుంగముస్తల పక్కన చెంగల్వకోష్టు అనే పేరుతో గోధుమరంగు వేరుముక్కలు అమ్ముతారు. సంస్కృత వైద్యగ్రంథాలు కుష్ఠమనీ, కాశ్మీరీలు కుఠ్ అనీ, ప్రాచీన గ్రీకులు కోస్టోస్ అనీ, అరబ్బులు కుస్త్ అనీ, చైనీయులు ము షియాంగ్ అనీ పిలుస్తూ వచ్చిన ద్రవ్యం ఇదే. ఇన్ని భాషల్లో పేరు తెచ్చుకున్న ఈ వేరు సహజంగా పుట్టే చోటు మాత్రం చాలా ఇరుకైనది. కాశ్మీరులోనూ, దానికి ఆనుకొని ఉన్న కిషన్‌గంగ, చీనాబ్ నదుల ఎగువ లోయల్లోనూ, సముద్రమట్టానికి సుమారు 2,600 నుంచి 4,000 మీటర్ల ఎత్తున ఉండే తడి కొండవాలుల్లో తప్ప ఈ మొక్క తనంత తాను పెరిగినట్లు తెలియదు. రెండువేల సంవత్సరాలకు పైగా ఈ వేరు ఎడారులూ సముద్రాలూ దాటి ప్రయాణించింది కాని, దాని పువ్వును చూసినవారు ఆ కొండల మీది గొర్రెల కాపరులూ, వేరు తవ్వేవారూ మాత్రమే. కొనేవారికి మొక్క తెలియకపోవడమనే ఈ ఒక్క సంగతి ఆ వర్తకానికి మొదట ధరనూ, తరువాత కల్తీనీ, చివరకు మొక్క అంతరించే స్థితినీ ఎలా తెచ్చిపెట్టిందో చెప్పేదే కోష్టు చరిత్ర.

మొక్క, దాని కుటుంబం

కోష్టు చామంతి కుటుంబానికి చెందినది. శాస్త్రజ్ఞులు ఆస్టరేసీ అని పిలిచే ఈ కుటుంబంలో బంతి, పొద్దుతిరుగుడు, గుంటగలగర వంటి తెలుగువారికి బాగా తెలిసిన మొక్కలెన్నో ఉన్నాయి. ఈ కుటుంబపు మొక్కల్లో చూపుకు ఒక పువ్వుగా కనిపించేది నిజానికి ఒకే పీఠం మీద కిక్కిరిసి కూర్చున్న అనేక చిరుపువ్వుల సమూహం. దానిని శీర్షమని అంటారు. చామంతిలోలాగా అంచు చుట్టూ రేకులు పరచుకొని ఉండే చిరుపువ్వులు కోష్టుకు ఉండవు. దాని శీర్షాల్లో ముదురు ఊదారంగు గొట్టపు పువ్వులు మాత్రమే ఉంటాయి, వాటి కింద మొనదేరిన పొలుసులు వరుసలు వరుసలుగా కప్పుకొని ఉంటాయి. ఇటువంటి శీర్షాలు కొన్ని కాడలేకుండా కొమ్మ చివర గుత్తిగా చేరడం వల్ల దూరం నుంచి చూసేవారికి అది అందమైన పూలమొక్కగా కంటే పొగరుగా పెరిగిన ముళ్లజాతి కలుపుమొక్కగా కనిపిస్తుంది.

మొక్క మనిషెత్తు వరకూ, ఒక్కోసారి అంతకు మించి కూడా పెరుగుతుంది. మొదట్లోని ఆకులు తొడిమతో కలిపి దాదాపు మీటరు పొడవుంటాయి. ఆ తొడిమకు ఇరువైపులా ఆకుపచ్చని పొర రెక్కలాగా సాగి ఉండటం ఈ మొక్కను గుర్తుపట్టడానికి మంచి ఆనవాలు. చలికాలంలో పైభాగమంతా చచ్చిపోయి మంచు కింద వేరు ఒక్కటే బతికి ఉంటుంది, మంచు కరిగాక అదే వేరు నుంచి మళ్లీ చిగురు లేస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో పూత, ఆ తరువాత కాయ, మళ్లీ మంచు కురిసే లోపల విత్తనం రాలడం జరిగిపోవాలి. ఏడాదిలో ఎక్కువ భాగం గడ్డకట్టి ఉండే ఆ నేలలో బతకడానికి మొక్క తన బలాన్నంతా వేరులో దాచుకుంటుంది. మనిషి కోరేది కూడా ఆ వేరునే కనుక, కోష్టు విషయంలో కోత అంటే మొక్క ప్రాణం తీయడమే. ఆకును కోసినా, కాయను తెంపినా మళ్లీ పెరిగే మొక్కల వర్తకానికీ కోష్టు వర్తకానికీ ఉన్న తేడా ఇక్కడే మొదలవుతుంది.

సౌస్యూరియా అనే ప్రజాతిలో దీనిని చేర్చి, సౌస్యూరియా కోస్టస్ అని గాని, సౌస్యూరియా లప్పా అని గాని చాలాకాలంగా పిలుస్తున్నారు. ప్రజాతి అంటే దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల సమూహం. ఆల్ప్స్ పర్వతాలను పరిశోధించిన జెనీవా శాస్త్రవేత్త హొరేస్ బెనెడిక్ట్ ద సౌస్యూర్ ఇంటిపేరు మీదుగా ఈ ప్రజాతికి ఆ పేరు వచ్చింది. కేదార, బదరీ క్షేత్రాల్లో పూజకు వాడే హిమాలయ బ్రహ్మకమలం కూడా ఈ ప్రజాతిలోదే కాబట్టి, కోష్టు దానికి దగ్గరి బంధువు. అయితే బ్రహ్మకమలాన్ని లోకం పువ్వుగా ఎరిగింది, కోష్టును వేరుగా మాత్రమే ఎరిగింది.

వేదం నుంచి వైద్యానికి

ఈ వేరు గురించిన అతి ప్రాచీనమైన ప్రస్తావనలు అథర్వవేదంలో ఉన్నాయి. అయిదో కాండలోనూ, ఆరో కాండలోనూ, పంతొమ్మిదో కాండలోనూ కుష్ఠాన్ని స్తుతించే సూక్తాలు కనిపిస్తాయి. వాటిలో కుష్ఠం తక్మమనే జ్వరాన్ని పారద్రోలే ఓషధి. తక్మమంటే మలేరియా వంటి విడిచి విడిచి వచ్చే జ్వరమని పలువురు పండితుల అభిప్రాయం. చరిత్రకారుడికి ఈ సూక్తాల్లో మరింత విలువైన సంగతి మరొకటుంది. ఓషధి ఉత్తరాన హిమవంతం మీద పుట్టిందనీ, అక్కడి నుంచి తూర్పు దిక్కు జనుల దగ్గరకు దానిని తీసుకుపోతారనీ అందులో చెప్పారు. పుట్టిన చోటు, చేరే చోటు రెండూ తెలిసి మాట్లాడిన ఈ వాక్కు కోష్టు వర్తకానికి దొరికే తొలి సాక్ష్యమని చెప్పవచ్చు. పుట్టుచోటును ఇంత సూటిగా చెప్పిన మాట ఆ తరువాత చాలా శతాబ్దాల పాటు దూరదేశపు గ్రంథాల్లో వినిపించదు.

ఆయుర్వేద సంహితల కాలానికి కుష్ఠం నిత్యం వాడే ద్రవ్యమయింది. ఏయే పనికి ఏయే ద్రవ్యం శ్రేష్ఠమో చెప్పే జాబితాలో చరకసంహిత వాతాన్ని తగ్గించే అభ్యంగానికీ, అంటే నూనె మర్దనకూ, వెచ్చని కట్లకూ కుష్ఠాన్ని ఎంచింది. సుశ్రుతసంహిత దానిని ఏలకులతో మొదలయ్యే ఏలాది గణంలో చేర్చింది. క్రీ.శ. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడి బృహత్సంహితలో గంధయుక్తి అనే అధ్యాయం సుగంధాల తయారీకి సంబంధించినది. అందులోని మేళవింపుల్లో కూడా కుష్ఠం ఉంది. ఒకే వేరు ఇటు వైద్యుడి గదిలోనూ, అటు గంధం నూరేవాడి కల్వంలోనూ చోటు సంపాదించుకోవడం తరువాతి చరిత్ర అంతటా కనిపిస్తుంది.

సంస్కృతంలో దీని పేర్లు ఆలోచింపజేసేవి. కుష్ఠమనే మాట చర్మరోగానికి కూడా పేరే. అమరకోశం ఈ ఓషధికి చెప్పిన పర్యాయాల్లో వ్యాధి అనే పదం కూడా ఉంది. అదే వరుసలో వాప్యం, పాకలం, ఉత్పలం అనే పేర్లు వస్తాయి. ఉత్పలమంటే కలువ, తెలుగువారు ఈ వేరుకు పెట్టుకున్న చెంగల్వకోష్టు అనే పేరులో చెంగల్వ అంటే ఎర్రకలువ. నీటికీ కలువకూ ఏ సంబంధమూ లేని ఒక మంచుకొండ మొక్కకు రెండు భాషల్లోనూ కలువ పేరు అంటుకోవడం గమనించదగ్గ విషయం. చూడని మొక్కకు పేరు పెట్టేటప్పుడు మనిషి తన చుట్టూ ఉన్న వాటిలోంచే ఒక పేరు తెచ్చుకుంటాడనడానికి ఇది మంచి ఉదాహరణ.

పడమటి దారి

అలెగ్జాండరు సేనాని సెల్యూకస్ రాజైన తరువాత, క్రీ.పూ. 288 ప్రాంతంలో, మిలేటస్ నగరం దగ్గరి డిడిమా అపోలో ఆలయానికి పంపిన కానుకల జాబితా శిలాశాసనంగా మిగిలింది. అందులో సాంబ్రాణి జాతికి చెందిన పరిమళపు బంక పది టాలెంట్లు, బోళం ఒక టాలెంటు ఉండగా, కోస్టోస్ రెండు మ్నాలు మాత్రమే ఉంది. టాలెంటుకు 60 మ్నాల లెక్కన చూస్తే, ఆ బంక తూకం కోష్టు తూకానికి 300 రెట్లు. ఒక సామ్రాజ్యాధిపతి దేవుడికి సమర్పించిన కోష్టు మొత్తం కిలోకు కొంచెం తక్కువే. దాల్చినచెక్కతో సమానమైన తూకంలో దానిని చేర్చడాన్ని బట్టి, మధ్యధరా తీరంలో ఆనాటికి అది ఎంత అరుదైన వస్తువో ఊహించవచ్చు.

క్రీ.శ. 1వ శతాబ్దం నడుమ ఒక గ్రీకు నావికుడు రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రాగ్రంథం ఈ సరుకు ఓడకెక్కిన రేవులను పేర్కొంది. సింధునది ముఖద్వారంలోని బార్బరికోన్ రేవులో కోష్టు, గుగ్గిలం, జటామాంసి, నీలిమందు, లాపిస్ లాజులి వంటి వాటితో కలిసి ఎగుమతి అయ్యేది. నేటి గుజరాత్‌లోని భరుచ్, అంటే ఆనాటి బారిగజా రేవుకు కూడా వాయవ్య ప్రాంతాల నుంచి కోష్టు వచ్చేది. అక్కడి నుంచి ఎర్రసముద్రం మీదుగా అలెగ్జాండ్రియా చేరిన సరుకుపై సుంకం వసూలయ్యేది. మార్కస్ ఆరీలియస్ పాలన చివరినాటి రోమన్ సుంకపు జాబితాలో మిరియాలు, దాల్చినచెక్క, జటామాంసులతో పాటు కోష్టు కూడా ఉంది.

రోమన్ రచయిత ప్లినీ ఈ వేరును గురించి రాసినది దాని చరిత్రకంతటికీ కీలకం వంటిది. భారతీయులు అత్యంత విలువైనవిగా ఎంచేవి ఒక వేరూ ఒక ఆకూ అని చెబుతూ, ఆ వేరు కోష్టేననీ, దాని రుచి మంటపుట్టించేదనీ, వాసన అసాధారణమైనదనీ, వేరు తప్ప ఆ మొక్క మరెందుకూ పనికిరాదనీ ఆయన తేల్చాడు. సింధునది మొదటి పాయ దగ్గరి పాతాల అనే ద్వీపంలో నలుపు, తెలుపు అనే రెండు రకాలు దొరుకుతాయనీ, తెల్లది మేలనీ కూడా చెప్పాడు. సరుకు ఓడకెక్కిన చోటునే ఆయన మొక్క పుట్టిన చోటుగా భావించాడన్నమాట. అదే శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ అరేబియా కోష్టు, భారత కోష్టు, సిరియా కోష్టు అని మూడు రకాలు చెప్పి, తేలికైన తెల్లని అరేబియా రకాన్ని మొదటిదిగా నిలిపాడు. వైద్యుడు కొనే అంగడిని బట్టి మందుకు దేశం పేరు పెట్టడమనే అలవాటు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అరేబియాలో గాని సిరియాలో గాని ఈ మొక్క మొలిచినట్లు ఆధారం లేదు.

డయోస్కోరిడీస్ కల్తీని గురించి కూడా హెచ్చరించాడు. కొమ్మజీన్ ప్రాంతంలో పెరిగే ఎలికాంపేన్ అనే మొక్క గట్టి వేళ్లను కోష్టులో కలుపుతారని ఆయన చెప్పాడు. ఎలికాంపేన్ ఇన్యులా అనే ప్రజాతిలోది, అదీ చామంతి కుటుంబమే. రెండువేల ఏళ్ల తరువాత హిమాలయ మూలికల అంగళ్లలో కోష్టు స్థానంలో గాని, కోష్టులో కలిపి గాని అమ్ముడుపోతున్న ముఖ్యమైన వేరు ఇన్యులా రేసిమోసా, అంటే ఆయుర్వేదంలో పుష్కరమూలంగా వాడుకలో ఉన్న మొక్కది. దేశాలు మారాయి, రాజ్యాలు మారాయి, కల్తీ వేరు మాత్రం అదే ప్రజాతిలోనిది. మొక్క తెలియక వేరు ఒక్కటే కొనేవాడికి ఎదురయ్యే కష్టం ఏ కాలంలోనైనా ఒకటే.

పశ్చిమాసియా మతజీవితంలో కూడా కోష్టుకు చోటుంది. యెరూషలేము ఆలయధూపంలో కలిపే పదకొండు ద్రవ్యాలను యూదుల ధర్మగ్రంథమైన తాల్ముద్ పేర్కొన్న చోట కోష్ట్ అనే పేరు వస్తుంది. ఇస్లాం సంప్రదాయంలోని హదీసులు భారతదేశపు కుస్త్‌ను మేలైన ఔషధంగా సిఫారసు చేశాయి. రోముకు వెళ్లే ఓడలు తగ్గిన తరువాత కూడా ఈ వేరుకు గిరాకీ తగ్గకుండా నిలబెట్టినవి ఎర్రసముద్రపు, పారశీక సింధుశాఖ రేవులే.

తూర్పు దారి

చైనాలో ము షియాంగ్ అనే పేరుకు కలప పరిమళమని అర్థం. అక్కడి వైద్యులు కడుపు ఉబ్బరానికీ నొప్పులకూ దానిని వాడారు, ఆలయాల్లో వెలిగించే అగరువత్తుల పొడిలో కూడా దానిని చేర్చారు. ఓడల మీద గ్వాంగ్‌జౌ రేవుకు దిగింది కనుక దానిని గ్వాంగ్ ము షియాంగ్ అన్నారు. పడమటివారు సింధు ముఖద్వారాన్ని జన్మస్థలమని నమ్మినట్టే తూర్పున కూడా రేవు పేరే సరుకుకు పేరయింది. మలయా ద్వీపకల్పపు వర్తకులు పుచో అన్నారు, ఆ మాటే యూరోపియన్ కంపెనీల లెక్కల పుస్తకాల్లో పుచ్చుక్‌గా మారింది. గోవాలో ఉండి 1563లో భారతీయ ఓషధుల మీద పుస్తకం అచ్చువేయించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా గుజరాతీలు ఉప్లోట్ అంటారనీ, మలాకాలో పుచో అంటారనీ నమోదు చేసి, అన్నీ ఒకే ద్రవ్యానికి పేర్లని గుర్తించాడు. పేర్ల చిక్కును ఆయన చాలావరకూ విప్పినా, మొక్కను చూసే అవకాశం ఆయనకు కూడా కలగలేదు.

ఒక పేరు, రెండు మొక్కలు

మొక్కలకు శాస్త్రీయనామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ 1753లో కోస్టస్ అనే ప్రాచీన నామాన్ని ఒక ప్రజాతికి ఇచ్చినప్పుడు, ఆ పేరు చామంతి కుటుంబానికి కాక అల్లానికి దగ్గరి చుట్టమైన మొక్కలకు వెళ్లింది. ప్రాచీనుల కోస్టోస్ ఏ మొక్క వేరో యూరప్‌లో ఎవరికీ తెలియని కాలంలో జరిగిన ఈ నామకరణం తరువాతి వందేళ్ల గందరగోళానికి బీజం వేసింది.

ఈ గందరగోళంలో తెలుగునేలకు కూడా ఒక సంబంధం ఉంది. లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ తరంగంబాడి కేంద్రంగా దక్షిణ భారతదేశంలో మొక్కలు సేకరించి, చివరకు 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. తెల్లని పెద్ద పువ్వులతో, మెట్లలాగా సుడి తిరిగిన ఆకులతో తడి అడవుల్లో పెరిగే ఒక దుంపమొక్కకు ఆయన 1783లో వచ్చిన వర్ణనలో పేరు పెట్టాడు. అది తరువాత కోస్టస్ స్పెసియోసస్ అయింది. తెలుగు మొక్కల పేర్ల పట్టికల్లో ఈ దుంపమొక్కకు కూడా చెంగల్వకోష్టు అనే పేరే కనిపిస్తుంది. కుష్ఠమనే ద్రవ్యానికి భారత ఆయుర్వేద ఔషధకోశం ఇచ్చిన తెలుగు పేరు కూడా చెంగల్వకోష్టే. మంచుకొండల మీది చామంతి జాతి మొక్కా, తూర్పుకనుమల తడినేలలో పెరిగే అల్లపు చుట్టమూ ఒకే తెలుగు పేరు కింద చేరడం వల్ల, మూలికలు కొనేవారికి ఈనాటికీ పొరపాటు జరిగే వీలుంది.

చిక్కుముడిని విప్పినవాడు హ్యూ ఫాల్కనర్. స్కాట్లాండ్‌కు చెందిన ఈ వైద్యుడు సహారన్‌పూర్ వనస్పతి ఉద్యానానికి అధికారిగా పనిచేస్తూ, శివాలిక్ కొండల్లోని ప్రాచీన జంతుశిలాజాలను వెలికితీసినవారిలో ఒకడుగా పేరు పొందాడు. 1837, 1838 సంవత్సరాల్లో కాశ్మీరులో తిరిగినప్పుడు అక్కడివారు కుఠ్ అని పిలిచే మొక్కను అది పెరిగే చోటనే పరిశీలించి, వేరు తవ్వకాన్నీ ఎగుమతినీ గమనించి, ప్రాచీనుల కోస్టోస్, చైనా వర్తకంలోని పుచ్చుక్, అంగడిలోని కుష్ఠం మూడూ ఇదేనని నిరూపించాడు. స్థానికమైన పేరు, వేరు రుచీ వాసనా, పంజాబు మీదుగా బొంబాయికి, కలకత్తాకు సరుకు పోయే దారి, ఇవన్నీ కలిపి చూసి నడిపిన వాదన అది. ఆనాటి గవర్నర్ జనరల్ ఆక్లండ్ పేరు మీద ఆయన మొక్కకు ఆక్లండియా కోస్టస్ అని పేరు పెట్టాడు. ప్రజాతి పేరు తరువాత మారినా, ఫాల్కనర్ ఎంచిన కోస్టస్ అనే విశేషణం నిలిచిపోయింది. గ్రీకులు, రోమన్లు, అరబ్బులు పేరు మాత్రమే ఎరిగిన మొక్క తన పువ్వుతో సహా శాస్త్రగ్రంథాల్లోకి చేరడానికి సెల్యూకస్ కానుక తరువాత 2,100 ఏళ్లకు పైగా పట్టింది.

రాజ్యపు సొత్తు, రైతు పంట

కాశ్మీరులో కుఠ్ ఉపయోగాలు ఎగుమతితో ఆగలేదు. శాలువాల వర్తకులు నేసిన శాలువాల మడతల మధ్య ఈ వేరుముక్కలు పెట్టి ఉన్నికి పురుగు పట్టకుండా కాపాడుకునేవారు. వేరులోని ఘాటైన నూనెకు కీటకాలను దూరంగా ఉంచే గుణం ఉంది. కోస్టునొలైడ్, డీహైడ్రోకోస్టస్ లాక్టోన్ అనే పదార్థాలు అందులో ముఖ్యమైనవని తరువాతి రసాయనశాస్త్రం తేల్చింది. ఎండిన కొత్త వేరును విరిస్తే మొదట తియ్యని పూలవాసన, ఆ వెంటనే తడిసిన జుట్టును తలపించే బరువైన వాసన వస్తాయి. ఈ జంట వాసన కోసమే 20వ శతాబ్దంలో పాశ్చాత్య అత్తరు తయారీదారులు దీని నూనెను కోరుకున్నారు. చర్మానికి దద్దుర్లు తెస్తుందని తేలిన తరువాత ఆ రంగంలో అసలు నూనె వాడకం ఆగిపోయింది.

వేరు తవ్వే కాలం శరత్తు. ఆకులు పండి, మొక్క బలమంతా వేరులోకి దిగిన తరువాత, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దానిని తవ్వి, మట్టి దులిపి, వేలెడు పొడవు ముక్కలుగా కోసి, ఆరబెట్టి కొండల కిందకు దించేవారు. జమ్మూ కాశ్మీరు సంస్థానం ఈ వర్తకాన్ని తన గుత్తాధిపత్యంలో ఉంచుకుంది, అంటే ప్రభుత్వం ద్వారా తప్ప మరొకరు వేరును అమ్మడానికి వీలులేకుండా చేసింది. కుఠ్ కోసమే ఒక ప్రత్యేక చట్టం విక్రమ శకం 1978లో, అంటే క్రీ.శ. 1921 ప్రాంతంలో వచ్చింది. ఒకే ఒక్క అడవిమొక్క పేరు మీద ఒక రాజ్యం శాసనం చేయడాన్ని బట్టి, ఖజానాకు దాని నుంచి వచ్చే ఆదాయం ఎంత ముఖ్యమైనదో తెలుస్తుంది. గుత్తాధిపత్యం ఖజానా కోసం పుట్టినదే అయినా, ఎవరు తవ్వాలో, ఎంత తవ్వాలో అదుపు చేసే అవకాశం ఉన్నంతకాలం అది మొక్కకు కూడా కొంత రక్షణ అయింది.

కాశ్మీరులోని ఈ కట్టడి పొరుగు లోయలో ఒక కొత్త పంటకు దారితీసింది. 1920ల దశకంలో, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో రైతులు కుఠ్‌ను పొలాల్లో పెంచడం మొదలుపెట్టారు. ఆనాడు ఏడాదిలో చాలా నెలలు రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోయి బయటి లోకంతో సంబంధం తెగిపోయే ఆ లోయలో, నిల్వ ఉండేదీ, తక్కువ బరువుకు ఎక్కువ ధర పలికేదీ అయిన పంట కంటే అనువైనది మరొకటి ఉండేది కాదు. ఎండిన వేరు ఈ రెండు షరతులకూ సరిపోయింది. విత్తిన తరువాత రెండు మూడు ఏళ్లకు గాని చేతికి రాని ఈ పంట అమ్మకం కోసమే పండించిన తొలి పంటగా లాహౌల్ ఆర్థిక చరిత్రలో నిలిచింది. చైనా అంగడి మూసుకుపోయి, అక్కడ యున్నాన్ రాష్ట్రంలో ఇదే మొక్కను పెంచి యున్ ము షియాంగ్ అనే పేరుతో వాడుకోవడం మొదలయ్యాక లాహౌల్ కుఠ్ ధర నిలకడ కోల్పోయింది. రహదారి వచ్చి త్వరగా అమ్ముడుపోయే బంగాళదుంప, బఠాణీ, హాప్స్ పంటలకు వీలు కలగడంతో పొలాల్లో కుఠ్ విస్తీర్ణం క్రమంగా తగ్గిపోయింది.

తగ్గిపోయిన మొక్క, వచ్చిన చట్టాలు

పొలంలో పంట తగ్గుతున్న కాలంలోనే అడవిలోని మొక్క మీద ఒత్తిడి పెరిగింది. గుత్తాధిపత్యం సడలి దొంగతవ్వకం పెరగడం, మేతకు వెళ్లే మందలు లేత మొక్కలను తొక్కివేయడం, అడవి అంచులు పలచబడటం కలిసి, ఒకప్పుడు కిషన్‌గంగ, గురేజ్ లోయల్లో గుంపులుగా పెరిగిన మొక్కను చెదురుమదురు ముక్కలుగా మిగిల్చాయి. అన్నిటి కంటే పెద్ద దెబ్బ తవ్వే వేళ తప్పడం. విత్తనం పండి రాలిన తరువాత వేరు తవ్వితే, ఆ గుంటలోనే వచ్చే వసంతంలో మొలకలు రావచ్చు. పోటీదారుడి కంటే ముందు తవ్వాలన్న తొందరలో ఆగస్టులోనే, పువ్వు ఇంకా ఊదారంగులో ఉండగానే వేరు లాగివేస్తే, ఆ చోట తల్లీ లేదు, పిల్లా లేదు. పువ్వుతో పని లేని వర్తకం మొక్కకు చేసే హాని ఇలా కొన్ని వారాల తేడాలో తేలిపోతుంది.

అంతర్జాతీయ వాణిజ్యం వల్ల అంతరించిపోయే జీవజాతులను కాపాడేందుకు కుదిరిన సైటిస్ ఒప్పందం 1975లో కోష్టును రెండో అనుబంధంలో చేర్చింది. ఆ జాబితాలోని వాటిని అనుమతి పత్రాలతో అమ్మవచ్చు. అది చాలలేదని 1985లో దానిని మొదటి అనుబంధానికి మార్చారు, అంటే అడవి నుంచి తెచ్చిన వేరుతో దేశాల మధ్య వ్యాపారం చేయడాన్ని నిషేధించారు. పొలంలో పెంచినదని ధ్రువపడిన వేరుకు మాత్రమే మినహాయింపు దొరుకుతుంది. భారతదేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ తొలిసారిగా కొన్ని మొక్కలకు కూడా ఆ చట్టపు రక్షణ కల్పిస్తూ ఆరో షెడ్యూలును చేర్చింది. ఆ చిన్న పట్టికలో కుఠ్‌తో పాటు ఉన్న మరో పేరు తిరుమల, కడప కొండల్లో తప్ప సహజంగా పెరగని బెడ్డోమ్ సైకస్‌ది. దేశపు ఉత్తరపు కొసన పుట్టిన ఒక చామంతి జాతి మొక్కా, శేషాచలం మీది ఈ సైకస్ మొక్కా పుట్టిన నేల ఇరుకుదనం వల్లనే ఒకే వరుసలో నిలిచాయి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య కోష్టును తీవ్రంగా అంతరించే ప్రమాదం ఉన్న జాతిగా గుర్తించింది. అడవిలో పూర్తిగా కనుమరుగు కావడానికి ముందు ఉండే ఆఖరి మెట్టు ఇది.

పేరు తప్పడం వల్ల ప్రాణాలు పోయే అవకాశం ఉందనడానికి చైనా అనుభవం సాక్ష్యం. అక్కడ చింగ్ ము షియాంగ్ అనే, ము షియాంగ్‌కు దగ్గరి పేరున్న వేరు అరిస్టొలోకియా ప్రజాతిలోని మొక్కది. తెలుగునాట ఈశ్వరి అని పిలిచే తీగ కూడా ఈ ప్రజాతిలోదే. ఆ ప్రజాతిలో ఉండే ఆమ్లాలు మూత్రపిండాలను పాడుచేసి క్యాన్సరుకు దారితీస్తాయని తేలడంతో చైనా ప్రభుత్వం 2004లో చింగ్ ము షియాంగ్ వాడకాన్ని నిలిపివేసింది. ఒక వేరు స్థానంలో మరొక వేరు రావడం ధరలో మోసంగా మాత్రమే మిగలదు. మొక్కను గుర్తుపట్టలేని వర్తకంలో రోగి కూడా నష్టపోతాడు.

కోష్టు చరిత్రలో పుట్టుచోటును సరిగ్గా చెప్పినవారు ఇద్దరే ముఖ్యులు: అథర్వవేద ఋషి ఒకరు, కొండెక్కి చూసిన ఫాల్కనర్ మరొకరు. వారిద్దరి నడుమ గడిచిన కాలమంతా వేరు పాతాల ద్వీపానిదై, అరేబియాదై, సిరియాదై, గ్వాంగ్‌జౌదై చెలామణి అయింది. వేరు తప్ప మిగతా మొక్క పనికిరానిదని ప్లినీ రాసినప్పుడు ఆయన అంగడిలో కొనేవాడి లెక్కను నిజాయతీగానే చెప్పాడు. కాని ఆ పనికిరాని భాగంలోనే పువ్వూ, ఆ పువ్వులోనే విత్తనమూ ఉన్నాయి. ఈనాడు తెలుగు ఇళ్లలో సున్నిపిండిలోకీ తలనూనెలోకీ నాలుగు చెంగల్వకోష్టు ముక్కలు తెప్పించేవారు అది ఏ లోయ పొలంలో పెరిగిందో, కోష్టేనా మరొక వేరా అని అడిగి తీసుకోవడం అలవాటు చేసుకుంటే, అడవిలో మిగిలిన కొద్దిపాటి మొక్కలకు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వేచి ఉండే గడువు దొరుకుతుంది. ఈకల వంటి సన్నని నూగు తొడుక్కున్న విత్తనాలు గాలికి లేచి, గుంటల్లో పడి, మంచు కింద నిద్రపోవడానికి ఆ మొక్కకు కావలసిన గడువు అంతే.